ముత్తంగి మలుపు

పటాన్‌చెరు దాటి సంగారెడ్డి వైపు రెండు మూడు కిలోమీటర్లు పోతే ముత్తంగి వస్తుంది. ఊరు చిన్నదే. ఊరి పక్కన మెలికలు తిరిగిన కాంక్రీటు కట్టడం మాత్రం పెద్దది. ఔటర్ రింగు రోడ్డు వచ్చి ముంబై రోడ్డును దాటేది అక్కడే. ఓ పది నిమిషాలు పక్కన నిలబడి లారీల నెంబర్లు చదివితే చాలు, ఇండియా మ్యాపు కళ్లముందు పరుచుకుంటుంది. జేకే అంటే జమ్ము కాశ్మీరు. పీబీ అంటే పంజాబు. హెచ్ఆర్ హర్యానా, ఎంపీ మధ్యప్రదేశ్, కేఏ కర్ణాటక, టీఎన్ తమిళనాడు. ఎక్కడో ఈశాన్యంలో ఉన్న నాగాలాండ్ నెంబర్లు కూడా కనిపిస్తాయి!

ఇందులో వింతేముంది, పెద్ద రోడ్డన్నాక లారీలు రావా అనుకోవచ్చు. వింత ఉంది. కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా దేశాన్ని నిలువునా చీల్చుకుంటూ వచ్చే 44వ నెంబరు జాతీయ రహదారి ఈ ఊరు మీదుగా పోదు. మ్యాపులో చూస్తే అది మేడ్చల్ దగ్గర హైదరాబాదులోకి దిగి, నగరం నడుమ నుంచి సాగి, శంషాబాద్ వైపు బయటపడుతుంది. పటాన్‌చెరు, సంగారెడ్డి దాని దారిలో లేనేలేవు. ఇవి ఉన్నది తూర్పు పడమరలుగా పోయే 65వ నెంబరు రోడ్డు మీద. అయినా శ్రీనగర్‌లో ఆపిల్ పెట్టెలు ఎత్తుకుని బెంగళూరు బయల్దేరిన లారీ ముత్తంగిని పలకరించే పోతుంది.

ఎందుకంటే మ్యాపులో గీత ఒకటి, లారీ డ్రైవరు ఎంచుకునే దారి ఒకటి.

సరి సంఖ్య... బేసి సంఖ్య

మన జాతీయ రహదారుల నెంబర్లను 2010లో కేంద్రం మొత్తంగా మార్చేసింది. అంతకుముందు నెంబర్లకు ఒక వరుసా వాయీ ఉండేది కాదు. కొత్త పద్ధతిలో ఓ లెక్క పెట్టారు. ఉత్తర దక్షిణాలుగా పోయే ప్రధాన రహదారులకు సరి సంఖ్యలు, తూర్పు పడమరలుగా పోయేవాటికి బేసి సంఖ్యలు. సరి సంఖ్యలు తూర్పు నుంచి పడమరకు పెరుగుతూ పోతాయి. బేసి సంఖ్యలు ఉత్తరం నుంచి దక్షిణానికి పెరుగుతాయి. మూడంకెల నెంబరు కనిపిస్తే అది కొమ్మ అని అర్థం. సంగారెడ్డి దగ్గర కంది నుంచి జోగిపేట మీదుగా నాందేడ్, అకోలాల వైపు పోయే 161వ నెంబరు రోడ్డుంది కదా, అది 61కి కొమ్మ. పిల్లలతో కారులో పోయేటప్పుడు ఈ లెక్క చెబితే దారి పొడవునా మైలురాళ్లు చదువుతూ కూర్చుంటారు, అల్లరి తగ్గుతుంది!

ఆ మార్పులోనే పుట్టింది 44. కొత్తగా వేసిన రోడ్డేమీ కాదు. ఏడు పాత రహదారుల ముక్కల్ని దారానికి గుచ్చినట్టు గుచ్చి ఒకటే నెంబరు ఇచ్చారు. పాత 1-ఎ, 1, 2, 3, 75, 26, 7 నెంబర్ల రోడ్లవి. శ్రీనగర్‌లో బయల్దేరి జమ్ము, పఠాన్‌కోట్, జలంధర్, అంబాలా, పానిపట్, ఢిల్లీ, ఆగ్రా, గ్వాలియర్, ఝాన్సీ, సాగర్ మీదుగా మధ్యప్రదేశ్‌లోని లఖ్నాదోన్ చేరుతుంది. అక్కడినుంచి కన్యాకుమారి దాకా ఉన్నదంతా మనవాళ్లకు బాగా తెలిసిన పాత ఏడో నెంబరు రోడ్డే. నాగపూర్, ఆదిలాబాద్, నిర్మల్, ఆర్మూరు, కామారెడ్డి, మేడ్చల్, హైదరాబాద్, జడ్చర్ల, కర్నూలు, అనంతపురం, బెంగళూరు, సేలం, మదురై, తిరునల్వేలి... అటుపైన సముద్రం. ఆ ఏడో నెంబరు రోడ్డు వారణాసి నుంచి కన్యాకుమారి దాకా 2,369 కిలోమీటర్లు సాగేది. అప్పట్లో దేశంలో అన్నిటికన్నా పొడవైన రహదారి అదే. ఇప్పుడా ఘనత 44ది. ఒక్క తెలంగాణలోనే సుమారు 500 కిలోమీటర్లు ఉంటుంది.

దారి పాతది, రోడ్డు కొత్తది అనుకోవాలి. 17వ శతాబ్దంలో ఫ్రెంచి యాత్రికుడు థెవెనో గోల్కొండకు వస్తూ ఇందల్వాయిని చూశాడు. అక్కడ కత్తులు, బాకులు, బల్లేలు చేస్తారనీ, అవి దేశమంతా అమ్ముడవుతాయనీ రాసుకున్నాడు. నిజామాబాద్ జిల్లాలోని ఆ ఇందల్వాయి దగ్గర ఇవాళ 44వ నెంబరు రోడ్డు మీద టోల్‌గేటు ఉంది. అప్పుడు అక్కడ ఆయుధాలు కొనేవాళ్లు ఆగేవారు, ఇప్పుడు అందరూ ఆగాల్సిందే!

రెండు వరుసల నుంచి నాలుగు వరుసలకు

పాత ఏడో నెంబరు రోడ్డు మీద ప్రయాణించినవారికి గుర్తుండే ఉంటుంది. ఎదురుగా వచ్చే లారీ లైట్లు కళ్లలో కొడుతుంటే, ముందున్న ఎడ్లబండిని దాటలేక, దాటకుండా ఉండలేక డ్రైవరు పడే అవస్థ. నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ మలుపుల్లో ఒక లారీ చెడిపోయిందంటే ఇక ఆ పూట ప్రయాణం అంతే సంగతులు.

వాజపేయి ప్రభుత్వ హయాంలో మొదలైన జాతీయ రహదారుల అభివృద్ధి పథకం ఆ రోడ్డు రూపు మార్చింది. మొదట ఢిల్లీ, ముంబై, చెన్నై, కోల్‌కతాలను కలిపే స్వర్ణ చతుర్భుజి. ఆ తర్వాత రెండు నడవాలు. శ్రీనగర్ నుంచి కన్యాకుమారికి ఉత్తర దక్షిణ నడవా, అసోంలోని సిల్చార్ నుంచి గుజరాత్‌లోని పోర్‌బందర్‌కు తూర్పు పడమర నడవా. రెండూ ఝాన్సీ దగ్గర కలుసుకుంటాయి. 2007 కల్లా పూర్తి చేయాలనుకున్నారు. అనుకున్నంత తేలిక కాలేదు. కాశ్మీరు కొండలు ఒకవైపు, మధ్యలో పెంచ్ అడవులు మరోవైపు. జమ్ము దాటాక చెనానీ, నాష్రీల మధ్య కొండను తొలిచి 9 కిలోమీటర్లకు పైగా సొరంగం వేశారు. అది 2017 ఏప్రిల్‌లో తెరుచుకుంది.

మన వైపు కొండలు తక్కువ. ఇబ్బందంతా నేలతోనే. ఆదిలాబాద్ నల్లరేగడి పత్తికి బంగారం, రోడ్డుకు శత్రువు. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. పైన ఎంత మంచి తారు వేసినా కింద నేల కదిలితే రోడ్డు పగలక మానదు. అందుకే రేగడిని కొంతలోతు తవ్వి తీసేసి మొరం నింపుతారు. లేదంటే సున్నం కలిపి దాని పొగరు అణుస్తారు. దాని మీద సన్నకంకర, ఆపైన నీళ్లు కలిపి రోలరుతో తొక్కించిన కంకర పొర, ఆపైన తారు కలిపిన కంకర, చివరన నున్నటి పైపొర. ప్రయాణికుడికి కనిపించేది ఆ ఆఖరి పొర ఒక్కటే, రెండంగుళాలకు మించదు. రోడ్డు ఆయుష్షు మాత్రం కనిపించని పొరల్లో ఉంటుంది. ఇల్లు కట్టించినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

డబ్బు సంగతి ఇంకో కథ. కామారెడ్డి జిల్లా అడ్లూరు ఎల్లారెడ్డి నుంచి గుండ్లపోచంపల్లి దాకా 103 కిలోమీటర్ల ముక్కను 'యాన్యుటీ' పద్ధతిలో ఇచ్చారు. అంటే కంపెనీ తన డబ్బుతో రోడ్డు వేస్తుంది. ప్రభుత్వం ఆరు నెలలకోసారి వాయిదా కడుతూ పోతుంది. టోలు ఎంత వచ్చినా, ఎంత తగ్గినా కంపెనీకి సంబంధం లేదు. షాద్‌నగర్, జడ్చర్లల మధ్య ముక్కలో అలా కాదు. అక్కడ టోలు వసూలు చేసుకునేది రోడ్డు వేసిన కంపెనీయే. ఒకటే రోడ్డు, ఒకటే నెంబరు... ముక్కముక్కకూ లెక్క వేరు.

అలా మేడ్చల్ దాకా నాలుగు వరుసల్లో హాయిగా వచ్చిన లారీ హైదరాబాద్ పొలిమేరలో ఆగిపోయేది. పగలు భారీ లారీలకు నగరంలోకి ప్రవేశం లేదు. రాత్రి దాకా రోడ్డు పక్కనే పడిగాపులు. పటాన్‌చెరు నుంచి నాగపూర్ వెళ్లాల్సిన సరుకుదీ అదే అవస్థ. కూకట్‌పల్లి, మూసాపేట, బాలానగర్, బోయిన్‌పల్లి చుట్టి, కొంపల్లి మీదుగా మేడ్చల్ చేరేది. ఉత్తరానికి పోవాల్సినవాడు ముందు తూర్పుకు తిరిగి నగరంలో ఈదాలన్నమాట!

ఔటర్ రింగు రోడ్డు ఆ ముడి విప్పింది. గచ్చిబౌలి, శంషాబాద్‌ల మధ్య మొదటి భాగం 2008 నవంబరులో తెరుచుకుంది. ముక్కలుముక్కలుగా పెరుగుతూ పటాన్‌చెరును చేరింది, దుండిగల్ దాటింది. మేడ్చల్ దగ్గర కండ్లకోయ కూడలి మాత్రం చాలాకాలం మిగిలిపోయింది. 44వ నెంబరు రోడ్డును కలిపే కూడలే అన్నిటికన్నా చివర రావడం విచిత్రం. 2018 మే 1న అదీ తెరుచుకోవడంతో 158 కిలోమీటర్ల వలయం పూర్తయింది. అప్పటినుంచి నాగపూర్ వైపు నుంచి వచ్చి బెంగళూరు వెళ్లే లారీకి పడమటి చుట్టే దగ్గర. కండ్లకోయలో ఎక్కి, దుండిగల్, సుల్తాన్‌పూర్, ముత్తంగి, కోకాపేట మీదుగా శంషాబాద్‌లో దిగుతుంది. నెంబరు నగరం నడుమే ఉండిపోయింది. దారి పటాన్‌చెరుకు వచ్చేసింది.

చిత్రమేమంటే, అంత పొడవైన 44లో చాలాచోట్ల ట్రాక్టరు, సైకిలు, గొర్రెలమంద అన్నీ రోడ్డెక్కుతాయి. ఔటర్ మీద టూవీలరుకు కూడా అనుమతి లేదు. విదేశాల్లో 'మోటార్‌వే' అని పిలిచే తరహా రోడ్డు ఈ ప్రయాణంలో ఎక్కడుందని చూస్తే, 44వ నెంబరు కాని ఈ ముక్కలోనే ఉంది. 2023లో దీన్ని 30 ఏళ్లపాటు ఓ ప్రైవేటు సంస్థకు రూ.7,380 కోట్లకు లీజుకు ఇచ్చారు.

పొట్టలకెరె నుంచి పారిశ్రామికవాడ దాకా

పటాన్‌చెరుకు రోడ్లు కొత్త కాదు. వెయ్యేళ్ల కిందట ఇది కల్యాణి చాళుక్యుల పొట్టలకెరె. 11వ శతాబ్దంలో రెండో జయసింహుడు ఇక్కడినుంచి పాలించాడు. కన్నడంలో కెరె అన్నా, తెలుగులో చెరువు అన్నా నీళ్లే. గోల్కొండ నుంచి బీదర్ పోయే బాటలో ఇది మజిలీ. 1948 సెప్టెంబరులో మేజర్ జనరల్ జె.ఎన్.చౌదరి నాయకత్వాన భారత సైన్యం షోలాపూర్ నుంచి నల్దుర్గ్, హుమ్నాబాద్, జహీరాబాద్ మీదుగా హైదరాబాదు వైపు కదిలింది ఈ దారినే. 13న బయల్దేరింది, 18న నిజాం సైన్యం లొంగిపోయింది. జహీరాబాద్ దగ్గర రోడ్డులో పాతిన మందుపాతరలే ఆ సైన్యాన్ని కాస్త నెమ్మదింపజేశాయి.

తర్వాత వచ్చినవి ఫ్యాక్టరీలు. 1960ల్లో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్. 1972లో ఇక్రిశాట్... ఎర్రనేల, నల్లరేగడి రెండూ ఒకేచోట దొరుకుతాయని మెట్టపంటల పరిశోధనకు ఈ చోటు ఎంచుకున్నారు. సుమారు 1,400 హెక్టార్లు. రోడ్డు పక్కన దాని ప్రహరీ అలా సాగుతూనే ఉంటుంది. మెదక్ జిల్లాను వెనుకబడిన ప్రాంతంగా గుర్తించి రాయితీలివ్వడంతో 1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, ఖాజీపల్లిల్లో పరిశ్రమలు వరసకట్టాయి. మందులు, రంగులు, రసాయనాలు, ఇనుము. 1984లో ఎద్దుమైలారంలో సైన్యానికి వాహనాలు చేసే ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ. సదాశివపేటలో టైర్లు. జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్ లారీలు తయారైన చోట తర్వాత మహీంద్రా ట్రాక్టర్లు. రోడ్డు ముందొచ్చిందా, ఫ్యాక్టరీ ముందొచ్చిందా అంటే ఇక్కడ సందేహమే లేదు. రోడ్డే ముందు. ఫ్యాక్టరీ గేటు రోడ్డును చూసుకునే పెట్టారు.

వాటితోపాటు వచ్చిన కష్టాన్నీ చెప్పుకోవాలి. ఫ్యాక్టరీల వ్యర్థాలు నక్కవాగులో కలిసి, అది పోయి మంజీరాలో కలిసింది. వాగు ఒడ్డు ఊళ్ల బావులు చెడ్డాయి, పంటలు పోయాయి. 1990లో ఆ గోడు సుప్రీంకోర్టుకెక్కింది. 2007లో స్వీడన్ పరిశోధకులు ఇక్కడి వ్యర్థజలాల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో యాంటీబయాటిక్ మందులు కనీవినీ ఎరగనంత మోతాదులో ఉన్నాయని తేల్చారు. అదే సమయంలో సంగారెడ్డి దగ్గరి మంజీరా నీళ్లు పైపుల్లో ఈ రోడ్డు వెంటే హైదరాబాదుకు పోతుండేవి. సొంత బావి చెడిపోయిన రైతు పక్కనుంచే పరాయి ఊరికి మంచినీళ్లు!

అడ్డంగా పోయేవాళ్లు

రోడ్డు మీద రెండు రకాల మనుషులుంటారు. దాని వెంట పోయేవాళ్లు ఒకరు, దాన్ని దాటేవాళ్లు ఒకరు. రోడ్డు లెక్కలన్నీ మొదటివాళ్ల కోసమే. ఎన్ని వరుసలు, ఎంత వేగం, ఎన్ని గంటలు కలిసొస్తాయి... రెండోవాళ్లు ఆ లెక్కల్లో ఉండరు. రుద్రారం గణేశ్‌గడ్డ గుడికి సంకష్టహర చతుర్థి నాడు రోడ్డు వెంట నడుచుకుంటూ వచ్చే భక్తులు, గీతం విశ్వవిద్యాలయం పిల్లలు, కంది దగ్గర ఐఐటీ పిల్లలు, ఇస్నాపూర్ చౌరస్తాలో షిఫ్టు మారే వేళ కూలీలు. బస్సు దిగేది ఒకవైపు, పోవాల్సింది ఇంకోవైపు. చేతిలో టిఫిన్ బాక్సు, చంకలో హెల్మెట్టు, ఎదురుగా సోలాపూర్ నుంచి ఆగకుండా వచ్చిన లారీ. డివైడరు ఎక్కి ఒక నిమిషం, దిగి ఒక నిమిషం. చీకటిపడితే అదీ ఉండదు.

ఇదే 44వ నెంబరు రోడ్డు మీద, నాగపూర్ దాటాక పెంచ్ పులుల అడవి ఉంది. నాలుగు వరుసలు వేస్తే పులుల రాకపోకలు తెగిపోతాయని అటవీ ప్రేమికులు కోర్టుకు వెళ్లారు. పని ఏళ్ల తరబడి ఆగింది. చివరకు మహారాష్ట్ర వైపు మన్సర్, ఖవాసాల మధ్య రోడ్డును ఎత్తి, కింద జంతువులు పోయేందుకు తొమ్మిది దారులు కట్టారు. అన్నిటికన్నా పొడవైనది 750 మీటర్లు. కెమెరాలు పెట్టి చూస్తే పులులు, జింకలు, అడవి కుక్కలు ఆ దారుల్లో హాయిగా తిరుగుతున్నాయి. మంచి పని జరిగింది, కాదనేందుకు లేదు. కాకపోతే పులి తరఫున మాట్లాడేందుకు మనిషి దొరికినంత తొందరగా, ఇస్నాపూర్ కూలీ తరఫున మాట్లాడేందుకు దొరకలేదు.

ఆ కూలీలెవరు? బిహార్, ఒడిశా, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి వచ్చినవారు పెద్ద సంఖ్యలో ఉంటారు. ఇస్నాపూర్‌లో ఒక్కో గదిలో నలుగురైదుగురు అద్దెకుంటారు. ఉత్తర దక్షిణ రహదారి అంటే ఆపిల్ పెట్టెల దారి మాత్రమే కాదు, వీళ్ల దారి కూడా.

2020 వేసవిలో ఆ సంగతి దేశమంతా చూసింది. లాక్‌డౌన్‌లో బస్సుల్లేవు, రైళ్లు లేవు, పనిలేదు. మేడ్చల్ దగ్గర 44వ నెంబరు రోడ్డు మీద మూటలు నెత్తిన పెట్టుకుని, పిల్లల్ని భుజాన వేసుకుని ఉత్తరానికి నడిచిన మనుషుల వరుస కనిపించింది. కామారెడ్డి, నిర్మల్, ఆదిలాబాద్, నాగపూర్... లారీకి ఒక రాత్రి ప్రయాణం. నడకకు ఎన్నిరోజులు? దారిపక్క ఊళ్లవాళ్లు పులిహోర పొట్లాలు, మజ్జిగ, చెప్పులు పంచారు. నాలుగు వరుసల రోడ్డు మీద అప్పుడు బళ్లకన్నా మనుషులే ఎక్కువ.

కందిలో ఐఐటీ హైదరాబాద్ భవనాల పనికి వచ్చినవాళ్లు రెండువేల మందికి పైగా అక్కడే చిక్కుకుపోయారు. ఏప్రిల్ 29న వాళ్లు మమ్మల్ని ఇంటికి పంపండంటూ రోడ్డెక్కారు. గొడవయింది, పోలీసు జీపు మీద రాళ్లు పడ్డాయి. రెండు రోజులు గడిచాయి. మే 1 తెల్లవారుజామున వాళ్లను ఆర్టీసీ బస్సుల్లో ఇదే ముంబై రోడ్డు మీదుగా లింగంపల్లి స్టేషనుకు తెచ్చారు. 24 పెట్టెల రైలు సుమారు 1,200 మందితో జార్ఖండ్‌లోని హటియాకు బయల్దేరింది. దేశంలో మొదటి శ్రామిక్ రైలు అదే. కార్మిక దినోత్సవం నాడు బయల్దేరడం కాకతాళీయమే కావచ్చు.

పోయినవాళ్లలో చాలామంది మళ్లీ వచ్చారు. పని ఇక్కడే ఉంది మరి. 2025 జూన్ 30 ఉదయం పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 50 మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది అలా పొట్ట చేతపట్టుకుని వచ్చినవారే. ఎన్నో రాష్ట్రాల నుంచి బంధువులు వచ్చి పటాన్‌చెరు ఆస్పత్రి ముందు రోజుల తరబడి కూర్చున్నారు. డీఎన్ఏ పరీక్షలు చేస్తేగానీ ఎవరి మనిషి ఎవరో తెలియని పరిస్థితి. కొందరి ఆనవాళ్లు అసలే దొరకలేదు.

గిర్మాపూర్ నుంచి తూప్రాన్ దాకా

ఈ బెల్టుకు రోడ్ల జాతర ఇంకా అయిపోలేదు. సంగారెడ్డి నుంచి రాష్ట్ర సరిహద్దు దాకా 65వ నెంబరు రోడ్డు ఇప్పటికే నాలుగు వరుసలైంది, కంకోల్ దగ్గర టోలు కట్టి పోవాలి. కంది నుంచి రాంసాన్‌పల్లి దాకా 161వ నెంబరు రోడ్డులో 40 కిలోమీటర్ల నాలుగు వరుసల ముక్కను 2024 మార్చి 5న సంగారెడ్డికి వచ్చిన ప్రధాని మోదీ జాతికి అంకితం చేశారు. నాందేడ్ వైపు నుంచి వచ్చేవారికి అది దగ్గరి దారి. అదేరోజు 65వ నెంబరు రోడ్డును 29 కిలోమీటర్ల మేర ఆరు వరుసలు చేసేందుకు శంకుస్థాపన జరిగింది. పాశమైలారం పారిశ్రామికవాడకు మేలు జరుగుతుందని అప్పుడు చెప్పారు. వరుసలు పెరిగితే లారీకి తీరిక. కింద దారి లేనిచోట దాటేవాడికి మాత్రం నాలుగు వరుసల బదులు ఆరు.

ఆపైన ప్రాంతీయ వలయ రహదారి. జనం నోట 'ట్రిపుల్ ఆర్'. దీని ఉత్తర భాగం సంగారెడ్డి దగ్గర గిర్మాపూర్‌లో మొదలై నర్సాపూర్, తూప్రాన్, గజ్వేల్, భువనగిరి మీదుగా చౌటుప్పల్ దాకా సుమారు 160 కిలోమీటర్లు. తూప్రాన్ దగ్గర 44వ నెంబరు రోడ్డును కలుస్తుంది. అంటే సంగారెడ్డి లారీకి ఔటర్ కూడా ఎక్కే పనిలేకుండా సరాసరి ఉత్తరాది దారి దొరుకుతుందన్నమాట. ఈ భాగానికి 2024 డిసెంబరులో జాతీయ రహదారుల సంస్థ టెండర్లు పిలిచింది.

సర్వే రాళ్లు పడిన పొలాలవాళ్లకు ఆ లెక్కలు రుచించడంలేదు. ఎకరం ధర మార్కెట్లో ఒకటి, ప్రభుత్వ రికార్డుల్లో ఇంకొకటి. పరిహారం లెక్క కట్టేది రికార్డు ధరను బట్టి. భూమికి భూమి కావాలని కొందరు, అసలు ఇవ్వబోమని కొందరు సభల్లో లేచి చెప్పారు, కోర్టులకూ వెళ్లారు. భూమి పూర్తిగా పోయేవాళ్ల గోడు ఇది. సగం పోయి సగం మిగిలేవాళ్లది ఇంకో చిక్కు. ఇల్లు రోడ్డుకు ఇవతల, బోరుబావి అవతల. ఇది కూడా ఔటర్‌లాగా ఎక్కడపడితే అక్కడ ఎక్కి దిగేందుకు వీల్లేని రోడ్డు. ఎడ్లబండి, ట్రాక్టరు, బర్రెలు అవతలికి పోవాలంటే కింద దారి ఉండాలి. ఆ దారి తమ పొలం ఎదురుగా వస్తుందా, రెండు కిలోమీటర్ల అవతల వస్తుందా అన్నదే నర్సాపూర్ వైపు ఊళ్లలో రైతులకు ముందు తేలాల్సిన విషయం.